డైవింగ్ వల్ల ముక్కులోని బ్యాక్టీరియా మారిపోతుందా?

రుషికొండ దగ్గర స్కూబా శిక్షణ తీసుకుని, తరువాత అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో వరుసగా కొన్ని రోజులు డైవ్‌లు చేసి వచ్చాక ముక్కు దిబ్బడ, కనుబొమల మీద బరువు, పచ్చటి చీమిడి పట్టుకున్నాయనీ, ముక్కు స్వాబ్ పరీక్షలో స్టఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉన్నట్టు తేలిందనీ రాశారు. అది సముద్రం నుంచి అంటుకుందా, ఉప్పునీరు ముక్కులోని మేలుచేసే బ్యాక్టీరియాను కడిగేసిందా, మళ్ళీ డైవ్‌కు వెళ్ళే ముందు యాంటీబయాటిక్ గానీ ప్రోబయోటిక్ గానీ వాడాలా అన్నవి మీ ప్రశ్నలు. చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా డైవర్లను చాలా ఏళ్ళుగా చూస్తున్నవాడిని కనుక కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా తేల్చి చెప్పవలసిన మాట ఇది. మీరు చేసినటువంటి వినోదపు డైవ్, అంటే గంటలోపు సాగే 20, 30 మీటర్ల లోతు డైవ్, ముక్కులో ఏ బ్యాక్టీరియా నివసించాలన్న దాన్ని చెప్పుకోదగినంతగా మార్చదు. అది మార్చేది రెండింటిని: ముక్కులోంచి శ్లేష్మం బయటికి పోయే దారిని, ఆ శ్లేష్మంలోని బ్యాక్టీరియా ఎక్కడికి చేరుతుందన్న దాన్ని. డైవ్ తరువాత వచ్చే సైనస్, చెవి ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగం సముద్రం తెచ్చిపెట్టినవి కావు; అప్పటికే మన ముక్కులోనూ గొంతులోనూ కాపురముంటున్నవి పీడనపు మార్పుల వల్ల తమది కాని చోటికి చేరడం వల్ల వచ్చినవి. వారాల తరబడి పీడనంలోనే బతికే వృత్తి డైవర్ల సంగతి వేరు. దాని గురించి తరువాత రాస్తాను.

ముక్కు అంతా ఒకే రకమైన చోటు కాదు. వేలు అందేంత మేర ఉన్న తొలి భాగం నిజానికి చర్మమే. అక్కడ వెంట్రుకలు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు ఉంటాయి. స్టఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్, కొరినీబ్యాక్టీరియం జాతులు, మొటిమలతో ముడిపెట్టి చెప్పే క్యూటీబ్యాక్టీరియం ఏక్నెస్ వంటివి ఇక్కడి పాత కాపులు. ఇంకా లోపలికి వెళితే శైలికలు, అంటే ఎప్పుడూ కదులుతుండే సూక్ష్మమైన వెంట్రుకల్లాంటివి, ఉన్న తడి పొర మొదలవుతుంది, ఆ వెనుక గొంతుతో కలిసే చోటు వస్తుంది. అక్కడ కొందరిలో స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా కటరాలిస్ ఏ జబ్బూ కలిగించకుండా నెలల తరబడి ఉండిపోతాయి. చెవిలోనూ సైనస్‌లలోనూ చీము పట్టినప్పుడు మేము తరచుగా చూసేది ఈ మూడింటినే. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇక మీ స్వాబ్ పరీక్ష. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో సుమారు 20 నుంచి 30 శాతం మంది ముక్కులో స్టఫైలోకాకస్ ఆరియస్ స్థిరంగా ఉంటుంది. మరికొందరిలో వస్తూ పోతూ ఉంటుంది. మీరు డైవ్‌కు వెళ్ళక ముందు అదే పరీక్ష చేయించి ఉన్నా అదే ఫలితం వచ్చి ఉండేదని నా అంచనా. పైగా ముక్కు తొలి భాగంలో తిప్పిన స్వాబ్ సైనస్ లోపల ఏముందో చెప్పలేదు. సైనస్‌లో ఉన్నది తెలియాలంటే ఎండోస్కోప్‌తో చూస్తూ దాని ద్వారం దగ్గర నుంచి చీము తీసి పరీక్షించాలి. ఏ లక్షణమూ లేని మనిషికి, శస్త్రచికిత్స ముందు జాగ్రత్త వంటి కారణమేదీ లేకుండా ముక్కు స్వాబ్ రాసివ్వడం నాకు నచ్చని అలవాటు; దానివల్ల భయం పెరుగుతుంది తప్ప చికిత్స మారదు.

ఈ బ్యాక్టీరియా ఎంత పట్టుదలగా ఉంటుందో తెలుసుకుంటే సముద్రపు నీటికి దాన్ని కడిగేసే శక్తి ఉందా అన్న ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. ఆసుపత్రులలో శస్త్రచికిత్సకు ముందు దీన్ని వదిలించడానికి ముపిరోసిన్ లేపనాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున 5 రోజులు ముక్కులో రాస్తారు. చాలామందిలో అది అప్పటికి పోతుంది. కానీ కొన్ని వారాలకో నెలలకో, పైన కోసినా వేళ్ళ నుంచి మళ్ళీ మొలిచే గరికలా, అనేకమందిలో తిరిగి వస్తుంది. అది వెంట్రుకల కుదుళ్ళలోనూ, గొంతులోనూ, చర్మపు మడతల్లోనూ దాక్కుని ఉండడమే ఇందుకు కారణం. దాన్ని చంపడానికే తయారుచేసిన మందే శాశ్వతంగా పంపలేనప్పుడు ముక్కుపుటను ఒకసారి తాకి వెళ్ళిన అల ఏం చేయగలదు?

ఉప్పు దాన్ని చంపుతుందన్న నమ్మకమూ సరైనది కాదు. సముద్రపు నీటిలో ఉప్పు సగటున 3.5 శాతం. గోదావరి, మహానది, గంగ వంటి నదుల నీరు వచ్చి కలవడం వల్ల బంగాళాఖాతం ఉత్తర భాగంలో అది ఇంకా తక్కువ. స్టఫైలోకాకస్‌ను ఇతర బ్యాక్టీరియా నుంచి వేరుచేసి పెంచడానికి ప్రయోగశాలల్లో వాడే మానిటాల్ సాల్ట్ అగార్ అనే పోషక మిశ్రమంలో 7.5 శాతం ఉప్పు కలుపుతారు, ఎందుకంటే అంత ఉప్పులో మిగతా బ్యాక్టీరియా చాలావరకు ఆగిపోతుంది, ఇది మాత్రం హాయిగా పెరుగుతుంది. చర్మం మీద ఎండిపోయే చెమట ఉప్పుకు అలవాటుపడిన కొరినీబ్యాక్టీరియం కూడా ఉప్పుకు అంత తొందరగా లొంగేది కాదు. కనుక ఉప్పునీరు మంచివాటిని చంపి చెడ్డవాటిని మిగిల్చిందనో, చెడ్డవాటిని చంపి మంచివాటిని మిగిల్చిందనో చెప్పే రెండు వాదనలకూ ఆధారం బలహీనం.

అసలు స్కూబా డైవ్‌లో ముక్కులోకి ఎంత నీరు వెళుతుందన్నది కూడా ఆలోచించాలి. మాస్క్ కళ్ళతో పాటు ముక్కును కూడా మూసి ఉంచుతుంది. గాలిని రెగ్యులేటర్ ద్వారా నోటితోనే పీలుస్తాము. సిలిండర్‌లో నుంచి వచ్చే అతి పొడి గాలి గొంతును ఎండగడుతుంది గానీ ముక్కును దాదాపు తాకదు. ముక్కు ఆ సమయమంతా మాస్క్ లోపలి వెచ్చటి, తేమగల గాలిలో ఉంటుంది. అప్పుడప్పుడు మాస్క్‌లోకి ఊది పీడనాన్ని సరిచేయడమే దాని పని. మాస్క్‌లోకి నీరు వచ్చినప్పుడు, శిక్షణలో మాస్క్ నింపి ఖాళీ చేసే అభ్యాసం చేసినప్పుడు మాత్రమే నీరు ముక్కుపుటలను తడుపుతుంది. ఊపిరి బిగబట్టి దిగే ఫ్రీడైవర్లలో మాస్క్ లేకుండా దిగేవారి పరిస్థితి వేరు, కొందరు నైపుణ్యం గలవారు కావాలనే ముక్కులోకి నీరు రానిస్తారు. ఆ లెక్కన ముక్కు ఎక్కువగా తడిసేది సిలిండర్ కట్టుకున్న డైవర్‌కు కాదు, అలలలో మునకలు వేసేవారికి.

వెళ్ళిన నీటిలో బ్యాక్టీరియా ఉండదని కాదు. సముద్రపు నీరు ఒక మిల్లీలీటరులో దాదాపు 10 లక్షల బ్యాక్టీరియా కణాలు ఉండడం మామూలు సంగతి. కానీ వాటిలో అత్యధికం సముద్రంలో బతకడానికే తయారైనవి. మన ముక్కులో వాటికి అలవాటైన తిండీ లేదు, అతుక్కోవడానికి ఆధారమూ లేదు. పైగా ముక్కులోని శ్లేష్మపు పొర నిలిచి ఉండేది కాదు. దాని కింద ఉన్న శైలికలు సెకనుకు 10 నుంచి 15 సార్లు కొట్టుకుంటూ, ఆ పొరను నిమిషానికి సుమారు 5 మిల్లీమీటర్ల చొప్పున గొంతు వైపు నెడుతుంటాయి. ముక్కులో పడిన రేణువు 10, 20 నిమిషాలలో గొంతుకు చేరి, మనకు తెలియకుండానే మింగబడి, కడుపులోని ఆమ్లానికి ఆహుతి అవుతుంది. 45 నిమిషాల డైవ్ ముగిసేసరికి మొదట లోపలికి వచ్చిన నీటి తాలూకు బ్యాక్టీరియా ముక్కును విడిచిపోయి ఉంటుంది.

శైలికలు లేని చర్మం మీద కథ కొంచెం వేరుగా ఉంటుందనడానికి కాలిఫోర్నియాలో చేసి 2019లో వెల్లడించిన ఒక అధ్యయనం ఉంది. తొమ్మిది మంది సముద్రంలో ఈదాక వారి పిక్కల చర్మం నుంచి నమూనాలు తీశారు. ఈతకు ముందు ఒక్కొక్కరి చర్మం మీద ఒక్కో రకంగా ఉన్న బ్యాక్టీరియా సమూహం, ఈత ముగిశాక అందరిలోనూ దాదాపు ఒకేలా, సముద్రపు పోలికతో కనిపించింది. 6 గంటలకల్లా పాత రూపం తిరిగి రావడం మొదలైంది. 24 గంటలకు చాలావరకు సర్దుకున్నా సముద్రపు జాడలు కొన్ని మిగిలే ఉన్నాయి. ఇది పిక్కల సంగతి కనుక ముక్కుకు నేరుగా వర్తింపజేయకూడదు. అయినా ముక్కు తొలి భాగం చర్మమే కనుక అక్కడ కూడా కొన్ని గంటలపాటు అతిథులు కనిపించి వెళ్ళిపోతారని ఊహించడం తప్పు కాదు. దీనికి తలకిందులైన విషయమొకటి ఉంది. ఫ్లోరిడాలో జరిపిన కొలతల ప్రకారం నీటిలో దిగిన ఒక్కొక్క మనిషి మొదటి 15 నిమిషాలలోనే లక్షల సంఖ్యలో స్టఫైలోకాకస్ ఆరియస్‌ను నీటిలోకి వదులుతాడు. రద్దీగా ఉన్న తీరంలోని నీటిలో ఆ బ్యాక్టీరియా కనిపిస్తే సముద్రాన్ని అనుమానించే ముందు స్నానానికి దిగిన జనాన్ని అనుమానించాలి.

పీడనం, ఆక్సిజన్ల ప్రభావం గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 30 మీటర్ల లోతులో మొత్తం పీడనం 4 అట్మాస్ఫియర్లు, అంటే నేల మీద ఉండే గాలి పీడనానికి నాలుగు రెట్లు. బ్యాక్టీరియాకు ఇది లెక్కలోకే రాదు, మామూలు ఈ.కోలై పెరుగుదల ఆగిపోవాలంటే సుమారు 500 అట్మాస్ఫియర్లు కావాలి. ఆక్సిజన్ విషయంలో ఆలోచించవలసినది కొంత ఉంది, ఎందుకంటే ముక్కులో ఆక్సిజన్ పడని బ్యాక్టీరియా కూడా ఉంటుంది. కానీ గాలితో 18 మీటర్ల లోతులో ఉన్నప్పుడు ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే మొత్తం పీడనంలో ఆక్సిజన్ వాటా, 0.6 అట్మాస్ఫియర్ లోపే. గ్యాస్ గ్యాంగ్రీన్ వంటి జబ్బుల్లో అలాంటి బ్యాక్టీరియాను అణచడానికి ఇచ్చే హైపర్‌బారిక్ చికిత్సలో 2 నుంచి 3 అట్మాస్ఫియర్ల శుద్ధ ఆక్సిజన్‌ను గంటన్నరపాటు, అదీ పదే పదే ఇవ్వవలసి వస్తుంది. ఒక డైవ్‌లో ముక్కుకు అందే మోతాదు దాని దరిదాపులకు రాదు.

అసలు విషయానికి వస్తాను. ముక్కు చుట్టూ ఎముకల్లో నాలుగు జతల గాలిగదులు, అంటే సైనస్‌లు ఉంటాయి. చెంప ఎముకలోని మాక్సిలరీ సైనస్ పెద్దవాళ్ళలో సుమారు 15 మిల్లీలీటర్ల గాలిని పట్టుకుంటుంది, కానీ అది ముక్కులోకి తెరుచుకునే ద్వారం కొద్ది మిల్లీమీటర్లే. నుదుటిలోని ఫ్రంటల్ సైనస్ దారి ఇంకా ఇరుకు, పొడవు. మీ నొప్పి కనుబొమల మీద రావడానికి అదే కారణమై ఉండవచ్చు, డైవర్లలో సైనస్ పీడన గాయం అన్నిటికంటే తరచుగా తగిలేది అక్కడే. 10 మీటర్ల లోతుకు దిగేసరికి పీడనం రెట్టింపై ఆ గదుల్లోని గాలి సగానికి కుదించుకుపోవాలి. ద్వారం తెరిచి ఉంటే ముక్కు నుంచి గాలి లోపలికి వెళ్ళి లోటు భర్తీ చేస్తుంది, మనకు తెలియనే తెలియదు. పడిశం వల్లనో అలర్జీ వల్లనో ద్వారం ఉబ్బి మూసుకుపోతే గది ఎముకతో కట్టినది కనుక కుదించుకోలేదు. లోపలి పొర ఉబ్బి, రక్తనాళాలు చిట్లి, ద్రవం, రక్తం ఆ ఖాళీని నింపుతాయి. పైకి వచ్చేటప్పుడు గాలి మళ్ళీ వ్యాకోచించి ఆ ద్రవాన్ని ముక్కులోకి తోసేస్తుంది. డైవ్ ముగిశాక మాస్క్‌లో కనిపించే రక్తపు చారల చీమిడి చాలాసార్లు ఇదే.

సైనస్ మామూలుగా బ్యాక్టీరియా తక్కువగా ఉండే చోటు. అక్కడి కణాలు నైట్రిక్ ఆక్సైడ్‌ను ఎక్కువ మోతాదులో తయారుచేస్తాయి, అది బ్యాక్టీరియాకు సరిపడదు. శైలికలు శ్లేష్మాన్ని ద్వారం వైపే నెడుతుంటాయి. ద్వారం మూసుకుపోయి, పొర గాయపడి, లోపల రక్తం నిలిచినప్పుడు ఈ రెండు రక్షణలూ ఒకేసారి దెబ్బతింటాయి. రక్తం బ్యాక్టీరియాకు విందు కూడా. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా ఆక్సిజన్ ఉన్న చోట పెరగాలంటే రక్తంలోని హీమ్ కావాలి, స్టఫైలోకాకస్ ఆరియస్ తనకు కావలసిన ఇనుమును హీమోగ్లోబిన్ నుంచి లాక్కోగలదు. ఇలా సముద్రపు బ్యాక్టీరియా ప్రమేయం ఏమీ లేకుండానే, అప్పటికే ముక్కు వెనుక ఉన్నవాటికి కొత్త చోటు, తిండి రెండూ దొరుకుతాయి. డైవ్ తరువాత రెండు మూడు రోజులకు మొదలైన పచ్చటి చీమిడికి నేను మొదట వెతికే కారణం ఇది. ఆ రంగు తెల్ల రక్తకణాల వల్ల వచ్చేదే తప్ప, బ్యాక్టీరియా ఉందనడానికి దానంతట అది రుజువు కాదు. మామూలు వైరస్ పడిశంలోనూ మూడో రోజుకు చీమిడి పచ్చబడుతుంది.

చెవిలోనూ ఇదే వరస. ముక్కు మూసుకుని ఊదే పద్ధతిని ఇటలీ వైద్యుడు ఆంటోనియో మరియా వల్సాల్వా 1704లో వర్ణించాడు. ఆయన దాన్ని చెప్పింది డైవర్ల కోసం కాదు, చిల్లుపడిన కర్ణభేరి గుండా చెవిలోని చీమును బయటికి నెట్టడానికి. అదే పద్ధతిని ముక్కు నిండా చీమిడి ఉన్నప్పుడు బలంగా చేస్తే జరిగేది దానికి విరుద్ధం: ముక్కు వెనుకనున్న శ్లేష్మం, దానితోపాటు అక్కడి బ్యాక్టీరియా యూస్టేషియన్ నాళం గుండా మధ్య చెవిలోకి వెళ్ళవచ్చు. గట్టిగా, ఎక్కువసేపు ఊదేవారిలో ముక్కు పొరలోకి రక్తం చేరి వాపు కూడా పెరుగుతుంది. నాలుక వెనుక భాగంతో గాలిని నెట్టే ఫ్రెంజెల్ పద్ధతికి అంత బలం అక్కరలేదు. అందుకే కొత్తగా నేర్చుకునేవారిని దాన్నే అభ్యాసం చేయమంటాను; నొప్పి మొదలయ్యే దాకా ఆగకుండా, దిగడం మొదలుపెట్టిన క్షణం నుంచీ ప్రతి అర మీటరుకో మీటరుకో ఒకసారి మెల్లగా చేయాలి.

వరుసగా నాలుగైదు రోజులు రోజుకు రెండు మూడు డైవ్‌లు చేసే యాత్రల్లో సమస్యలు పేరుకోవడానికి కారణం ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. మొదటి రోజు కొద్దిగా ఉబ్బిన పొర రెండో రోజుకు పూర్తిగా తగ్గకముందే మళ్ళీ పీడనానికి గురవుతుంది. దానికితోడు చాలామంది చేసే పని దిబ్బడను తగ్గించే చుక్కల మందును వాడి నీటిలో దిగడం. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ వంటివి కొన్ని గంటలపాటు దారి తెరుస్తాయి. అవి నీటి అడుగున ఉండగా పనిచేయడం మానేస్తే దిగడానికి తెరుచుకున్న ద్వారం పైకి వచ్చేటప్పుడు మూసుకుపోతుంది. అప్పుడు వ్యాకోచించే గాలి సైనస్‌లో చిక్కుకుంటుంది, ఎంత నొప్పి ఉన్నా పైకి రాక తప్పదు. మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే ఆ చుక్కల వల్లనే దిబ్బడ తిరగబెడుతుంది. చుక్కలు లేకుండా దిగలేని ముక్కుతో ఆ రోజు దిగకూడదన్నది నేను అందరికీ చెప్పే మాట. టికెట్లకు, హోటలుకు డబ్బు కట్టేసినవారు దీన్ని వినరని కూడా నాకు తెలుసు.

నీటి కంటే పరికరాలను ఎక్కువ అనుమానించాలన్నది నా అభిప్రాయం. అద్దె మాస్క్ ముక్కు భాగంలో నిన్నటి డైవర్ చీమిడి చేరుతుంది, అద్దం మీద పొగమంచు పట్టకుండా అతడు ఉమ్మిన ఉమ్మి చేరుతుంది. ఆపై పడవ మీద ఉన్న అందరి మాస్క్‌లనూ ఒకే తొట్టెలో, పొద్దున పోసిన నీటిలో ముంచి తీస్తారు. అలాంటి తొట్టెల నీటిని పరీక్షించినవారికి బ్యాక్టీరియా బాగానే దొరికింది. పడిశం వైరస్‌లు మనిషి నుంచి మనిషికి చేరడానికి ఇదొక సులువైన దారి. వైరస్ ముందు వచ్చి పొరను ఉబ్బించాక బ్యాక్టీరియాకు అవకాశం దొరుకుతుంది. సొంత మాస్క్ కొనుక్కోవడం, దాన్ని కుళాయి నీటితో విడిగా కడిగి, నీడన పూర్తిగా ఆరనివ్వడం మీరు తీసుకోగల అన్ని జాగ్రత్తల్లోకీ చవకైనది, ఫలితం ఎక్కువిచ్చేది.

వృత్తి డైవర్ల సంగతి చెబుతానన్నాను. చమురు క్షేత్రాల్లో పనిచేసే శాచురేషన్ డైవర్లు రెండు నుంచి నాలుగు వారాలపాటు ఓడ మీదనే, పీడనంతో నింపిన గదిలో హీలియం, ఆక్సిజన్ మిశ్రమాన్ని పీలుస్తూ బతుకుతారు. హీలియం ఒంటి వేడిని త్వరగా లాగేస్తుంది కనుక గదిని 30 డిగ్రీల దగ్గర ఉంచాలి. తేమ ఎక్కువ, ఆక్సిజన్ పాక్షిక పీడనం బయటి మామూలు గాలిలో కంటే సుమారు రెట్టింపు. ఇన్ని రోజులు ఇలా గడిస్తే బ్యాక్టీరియా సమూహం నిజంగానే మారుతుంది. నార్వే పరిశోధకులు 23 మంది ఇటువంటి డైవర్ల నోటి బ్యాక్టీరియాను పరిశీలించి 2021లో ప్రచురించిన ఫలితాల్లో, ఆక్సిజన్‌తో బతికే పద్ధతులు పెరిగి, ఆక్సిజన్ లేకుండా బతికే పద్ధతులు తగ్గినట్టు అంచనా కట్టారు. ఆ మార్పు తాత్కాలికమే అయింది. అది నోటి లెక్క అయినా, ముక్కు కూడా అదే గాలిని పీల్చుకుంటుంది కనుక దిశ అదే ఉంటుందని భావిస్తాను.

అలాంటి గదుల్లో అసలైన తలనొప్పి ముక్కు కాదు, చెవి కాలువ. సూడోమోనాస్ ఎరుజినోసా అనే బ్యాక్టీరియా గదికి వచ్చే నీటి గొట్టాల్లో తిష్ఠవేసి, తడిసి నానిన చెవి చర్మంలోకి దిగుతుంది. ఉత్తర సముద్రపు డైవర్లలో కొన్ని ప్రత్యేక రకాలు ఏళ్ళ తరబడి, వేర్వేరు చోట్ల మళ్ళీ మళ్ళీ కనిపించాయి. ఈ చెవి ఇన్ఫెక్షన్లను ఆపడానికి అమెరికా నౌకాదళం 1970లలోనే 2 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్న చుక్కలను ఒక్కో చెవిలో 5 నిమిషాలపాటు ఉంచే పద్ధతిని పరీక్షించి అమలుచేసింది. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టగా 2025 జూలైలో నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ మీద ఈ శాచురేషన్ డైవింగ్ ఏర్పాట్లే ఉన్నాయి. ఇది మనకు దూరపు విషయం కాదని చెప్పడానికి ఆ పేరు ఎత్తాను గానీ, మీ డైవింగ్‌తో దీనికి పోలిక లేదు.

సముద్రాన్ని పూర్తిగా నిర్దోషిగా వదిలేయనూ కూడదు. వెచ్చటి, ఉప్పు తగ్గిన నీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియా జాతులు బాగా పెరుగుతాయి, ముఖ్యంగా వానాకాలంలో నదీముఖాల దగ్గర. గాయాలకూ చెవులకూ వీటితో ప్రమాదం ముక్కు కంటే ఎక్కువ. పెద్ద వాన తరువాత రెండు మూడు రోజులు మురుగు కలిసే తీరానికి దూరంగా ఉండడం మంచిది. మంచినీటిలో దిగేవారికి మరో హెచ్చరిక. వెచ్చటి చెరువుల్లో, క్వారీ గుంటల్లో ఉండే నీగ్లేరియా ఫౌలెరీ బ్యాక్టీరియా కాదు, అమీబా. ముక్కులోకి నీరు బలంగా వెళ్ళినప్పుడు వాసన నాడి వెంట మెదడుకు చేరి దాదాపు ఎప్పుడూ ప్రాణం తీస్తుంది. కేరళలో 2024లోనూ 2025లోనూ అమీబా మెదడువాపు కేసులు వచ్చాయి. నీగ్లేరియా సముద్రంలో బతకదు కనుక మీకు ఆ భయం అక్కరలేదు. ముక్కు కడుక్కోవడానికి వాడే నీటి విషయంలో మాత్రం ఇది గుర్తుండాలి.

ఇక మీరు చేయవలసినవి. స్వాబ్‌లో కనిపించిన స్టఫైలోకాకస్‌కు చికిత్స వద్దు. డైవ్‌కు ముందు రక్షణగా యాంటీబయాటిక్ వేసుకోవడం ఏ విధంగానూ సమర్థించదగినది కాదు; సముద్రం చేయని పనిని, అంటే మేలుచేసే బ్యాక్టీరియాను తుడిచిపెట్టే పనిని, ఆ మాత్ర చేసిపెడుతుంది. మన ముక్కులోనే కొందరిలో ఉండే స్టఫైలోకాకస్ లుగ్డునెన్సిస్ అనే జాతి, ఆరియస్‌ను అణిచే లుగ్డునిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుందని 2016లో జర్మనీ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. దాని చుట్టూ ఆశలు చాలా ఉన్నాయి. అంతమాత్రాన మందుల దుకాణంలో దొరికే పేగుల ప్రోబయోటిక్ మాత్ర మింగితే ముక్కులోని సమూహం మారుతుందని నమ్మడానికి కారణం లేదు, డబ్బు దండుగ.

డైవ్ ముగిసిన సాయంత్రం ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, మనవాళ్ళు జలనేతి అనేదే, పనికొస్తుంది. అది బ్యాక్టీరియాను చంపుతుందని కాదు, చిక్కబడిన శ్లేష్మాన్ని, ఎండిన రక్తాన్ని తీసేసి శైలికలకు దారి ఇస్తుందని. మరగకాచి చల్లార్చిన అర లీటరు నీటిలో సుమారు 4.5 గ్రాముల ఉప్పు, అంటే చెంచాకు కాస్త తక్కువ, సరిపోతుంది. కుళాయి నీటిని నేరుగా వాడవద్దు. డైవ్‌కు ముందు గంటలో మాత్రం కడుక్కోవద్దు, సైనస్‌లో మిగిలిన నీరు అక్కడే చిక్కుకోవచ్చు. అలర్జీ ఉంటే దాన్ని యాత్రకు వారాల ముందే వైద్యుడి సలహాతో స్టెరాయిడ్ స్ప్రేతో అదుపులో పెట్టుకోండి, అది పనిచేయడానికి సమయం పడుతుంది. నొప్పి కనుబొమల మీద వచ్చింది కనుక మళ్ళీ దిగే ముందు ఎండోస్కోపీ, అవసరమైతే సైనస్‌ల సీటీ స్కాన్ చేయించుకుని ఫ్రంటల్ సైనస్ దారి ఇరుకుగా ఉందేమో, పాలిప్‌లు, అంటే లోపల పెరిగే మెత్తటి కండలు, ఉన్నాయేమో చూపించుకోవడం మీ విషయంలో న్యాయమైన ఖర్చు.

లక్షణాలు పది రోజులు దాటినా తగ్గకపోతే, లేక తగ్గుముఖం పట్టి మళ్ళీ తిరగబెడితే అప్పుడు బ్యాక్టీరియా సైనసైటిస్ అని భావించి యాంటీబయాటిక్ గురించి ఆలోచిస్తాము. కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం లేదా ఒకటి రెండుగా కనిపించడం, నుదుటి మీద మెత్తటి ఉబ్బు, భరించలేని తలనొప్పితో కూడిన జ్వరం, మెడ బిగుసుకుపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పది రోజులు ఆగవద్దు. అదే రోజు చెవి, ముక్కు, గొంతు విభాగం ఉన్న ఆసుపత్రికి వెళ్ళి, ఇటీవల డైవ్ చేశానని మొదటి మాటగా చెప్పండి.